గోడకి కొట్టిన గింజలు

2023 జులై నెల మీకు గుర్తుండే ఉంటుంది. కిలో టమాటా నూట యాభై దాటిన నెల. మా ఆఫీసు క్యాంటీన్లో టమాటా పప్పు మాయమైపోయి, దాని స్థానంలో దోసకాయ పప్పు ప్రత్యక్షమైంది. టమాటాలు బీరువాలో పెట్టి తాళం వేసినట్టు వాట్సాప్‌లో ఫోటోలే ఫోటోలు. సరిగ్గా అప్పుడే నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఒక టమాటా కొంటే అందులో వందకి పైగా గింజలుంటాయి కదా.. వంద గింజలంటే వంద మొక్కలు, వంద మొక్కలంటే ఇక జన్మలో టమాటా కొనక్కర్లేదు. లెక్క భలే కుదిరింది :) మియాపూర్‌లో మా ఫ్లాటు బాల్కనీ పది అడుగులే అన్న సంగతి ఆ లెక్కలో రాలేదు.

అలా మొదలైన వ్యవహారం చివరికి నన్ను మా ఊరికీ, ఉస్మాన్‌గంజ్ సందుల్లోకీ, కొంచెం చరిత్ర పుస్తకాల్లోకీ తీసుకెళ్ళింది. ఈ టపా దాని గురించే. నేనేమీ వ్యవసాయ శాస్త్రవేత్తని కాను, పొద్దున లేస్తే జావా రాసుకునే మనిషిని. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి.

మొదటి ప్రయోగం ఫలితం ముందు చెప్పేస్తాను. సూపర్ మార్కెట్లో నున్నగా, గట్టిగా, అన్నీ ఒకే సైజులో ఉన్న టమాటాల్లోంచి ఒకటి తీసుకుని గింజలు ఆరబెట్టి, ఆగస్టులో నాటాను. పద్నాలుగు మొక్కలు బతికాయి. డిసెంబర్‌కి కాయలు కాశాయి. చూస్తే ఏ రెండు మొక్కలూ ఒకలా లేవు! ఒకటి పొడుగ్గా పాకి బాల్కనీ గ్రిల్లు ఎక్కేసింది, ఒకటి జానెడే ఉండిపోయింది. కోలగా కాసేవి కొన్ని, గుండ్రంగా కాసేవి కొన్ని. రెండింటికి ఆకులు ముడుచుకుపోయి ఒక్క కాయా కాయలేదు. ఒకే పండు గింజలు, ఒకే మట్టి, ఒకే నీళ్ళు.. ఒకే కోడ్ పద్నాలుగు సార్లు రన్ చేస్తే పద్నాలుగు రకాల అవుట్‌పుట్ వచ్చినట్టుంది. మన భాషలో చెప్పాలంటే ఇది కచ్చితంగా బగ్గే.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా నాయనమ్మకి ఈ గోడు చెప్పుకున్నాను. మాది చేవెళ్ళ దగ్గర పల్లె. ఆ ప్రాంతం సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, హైదరాబాద్ తినే కూరగాయల్లో పెద్ద భాగం ఆ చుట్టుపక్కల పొలాలదే. నాయనమ్మ పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది. "కొనుక్కచ్చిన పండుల గింజ తీస్తే ఏమొస్తది బిడ్డా? పండును జూసి గాదు, తల్లిని జూసి తియ్యాలె" అంది.

ఆ ముక్క అప్పుడు నాకు సామెతలా వినిపించింది. తర్వాత చదువుకుంటే తెలిసింది, అది సామెత కాదు, జన్యుశాస్త్రంలో మొదటి పాఠం అని.

సరే, ఇప్పుడు కొంచెం చరిత్ర.

టమాటా మనది కాదని అందరికీ తెలుసు. దాని అడవి పూర్వీకులు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల పడమటి వైపు పుట్టాయి. పెంచి పెద్ద చేసింది మెక్సికో వాళ్ళు. స్పెయిన్ వాళ్ళు 1521లో అక్కడి రాజ్యాన్ని పడగొట్టాక ఆ గింజలు సముద్రం దాటాయి. 1544లో ఇటలీలో మత్తియోలి అనే వైద్యుడు దాని గురించి రాశాడు. యూరప్‌లో చాలామంది చాలాకాలం దాన్ని విషం అనుకుని దూరం పెట్టారు. ఆ భయం ఊరికే రాలేదు, టమాటాకి చుట్టాలైన మొక్కల్లో నిజంగానే విషపువి ఉన్నాయి. మన దేశానికి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చిందంటారు. కానీ రావడం వేరు, వంటింట్లోకి రావడం వేరు. 1591లో చార్మినార్ కట్టిన కాలానికి హైదరాబాద్ వంటల్లో పులుపు అంటే చింతపండు, మామిడి, నిమ్మ, పెరుగు. అంతే.

అంత దూరం ఎందుకు, 1890ల ప్రాంతంలో జార్జ్ వాట్ అనే ఆయన భారతదేశపు పంటల మీద ఒక పెద్ద నిఘంటువు తెచ్చాడు. అందులో టమాటా గురించి రాస్తూ, దీన్ని ఎక్కువగా తెల్లవాళ్ళ కోసమే పండిస్తున్నారు, దేశీయులు ఇప్పుడిప్పుడే ఇష్టపడుతున్నారు, బెంగాలీలూ బర్మా వాళ్ళూ పుల్లకూరల్లో వేసుకుంటున్నారు అన్న అర్థంలో చెప్పాడు. అంటే మనం పుట్టింటి నుంచి తెచ్చుకున్నంత ధీమాగా చేసుకునే టమాటా పప్పు వయసు నూరేళ్ళకి అటూ ఇటూ! ఇంకా అనుమానం ఉంటే తద్దినాల వంట గుర్తు తెచ్చుకోండి. నిష్ఠగా చేసే ఇళ్ళల్లో ఆ రోజు టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ వాడరు. కొత్తగా వచ్చిన కూరలకి పితృదేవతలు ఇంకా వీసా ఇవ్వలేదన్నమాట.

పేరు సంగతి కూడా అంతే. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పెద్దవాళ్ళు దీన్ని రామములక్కాయ అంటారు. నేలములక అని వాకుడు జాతి మొక్క ఒకటుంది కదా, అదీ ఇదీ ఒకే కుటుంబం. ఎవరో మహానుభావుడు ఆకూ పువ్వూ చూసి, ఏ మైక్రోస్కోపూ లేకుండా, ఇది ఆ ఇంటి పిల్లే అని పోల్చి పేరు పెట్టేశాడు. 1753లో లిన్నేయస్ కూడా దాన్ని అదే కుటుంబంలో పెట్టాడు. 1768లో మిల్లర్ అనే ఆయన వేరు కాపురం పెట్టించాడు. రెండు వందల ఏళ్ళు పోయాక డీఎన్ఏ చూసి శాస్త్రవేత్తలు మళ్ళీ వెనక్కి, వంకాయ బంగాళాదుంపల పక్కకే చేర్చారు. మన రామములక్కాయ వాళ్ళకి ఆ గొడవే లేదు.

ఇలా వచ్చిన గింజ ఊళ్ళల్లో స్థిరపడ్డాక ఒక తమాషా జరిగింది. టమాటా పువ్వులో ఆడ మగ భాగాలు రెండూ ఉంటాయి, చాలావరకు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. కాబట్టి ఒక మొక్క గింజలు తీసి ఏటా వేస్తూపోతే పిల్లలు తల్లిలాగే వస్తాయి. ప్రతి ఊళ్ళో ప్రతి ఇల్లాలూ తనకి నచ్చిన మొక్కని చూసి గింజ తీసింది. ఎండకి తట్టుకున్నది, పులుపు బాగున్నది, పురుగు పట్టనిది. యాభై, అరవై తరాల గింజ తిరిగేసరికి మెక్సికో పిల్ల కాస్తా చేవెళ్ళ పిల్ల అయిపోయింది. దీన్నే మనం నాటు టమాటా అంటున్నాం. అమెరికాలో కూడా ఇదే పద్ధతి. 1870లో ఒహాయోలో లివింగ్‌స్టన్ అనే విత్తనాల ఆయన 'పారగాన్' అనే నున్నటి గుండ్రటి టమాటాని తెచ్చాడు. మంచి పండు కోసం వెతకడం మానేసి మంచి మొక్క కోసం వెతికాక పని అయ్యిందని ఆయన అనుభవం. మా నాయనమ్మ మాటే కదా ఇది! లివింగ్‌స్టన్ పేరు పుస్తకాలకెక్కింది, మా నాయనమ్మ పేరు రేషన్ కార్డు మీద ఉంది, అదే తేడా.

నాయనమ్మ పద్ధతి నేను చిన్నప్పుడు చూశాను గానీ పట్టించుకోలేదు. చెట్టు మీదే బాగా పండి మెత్తబడిన కాయని పిసికి, గింజలకి బూడిద పట్టించి, పేడలో అద్ది, వంటింటి వెనక మట్టిగోడకి చపాతీలా కొట్టేది. బీరగింజలు ఒకచోట, సొరగింజలు ఒకచోట, టమాటా ఒకచోట. పొయ్యి పొగ తగిలి పురుగు పట్టేది కాదు. మృగశిర కార్తె వచ్చాక గోడ నుంచి పెచ్చు ఊడదీసి నానబెట్టి నారు పోసేది. ఆ గోడే ఆవిడ డేటాబేస్. బ్యాకప్ కూడా ఉండేది, పక్కింటి గోడ మీద! మన ఇంట్లో గింజ పోతే వాళ్ళింట్లో అడిగి తెచ్చుకోవడం, వాళ్ళది పోతే మనం ఇవ్వడం.

మరి ఆ గింజ ఇప్పుడేదీ అని అడిగాను. లేదంది. ఎప్పుడు పోయింది అంటే, "మీ తాత గంజి నుంచి పొట్లాలు తెచ్చిన కాన్నుంచి" అంది.

గంజి అంటే ఉస్మాన్‌గంజ్. గంజ్ అన్నది పారశీక మాట. అసలర్థం నిధి, తర్వాత సరుకు కుప్ప పోసి అమ్మే బజారు అయింది. హైదరాబాద్ చుట్టూ ఇలాంటి గంజ్‌లు చాలా ఉన్నాయి. పక్కనున్న అఫ్జల్‌గంజ్ అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీదైతే, ఉస్మాన్‌గంజ్ 1911లో గద్దెనెక్కిన ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చి ఈ ప్రాంతాన్ని ముంచేసింది. తర్వాత 1912లో నగర అభివృద్ధి బోర్డు పెట్టి ఊరిని మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు. 1930లో హైదరాబాద్ రాజ్యం వ్యవసాయ మార్కెట్ల చట్టం చేసింది. తూకాల్లో, దళారీ కమీషన్లలో రైతు మోసపోకుండా చూడటం దాని ఉద్దేశం. మా తాత చిన్నప్పుడు బండి కట్టుకుని మిరపకాయలు, చింతపండు అమ్మడానికి తండ్రితో పాటు అక్కడికి వచ్చేవాడట. తిరిగి వెళ్ళేటప్పుడు ఉప్పూ, బెల్లమూ కొనుక్కెళ్ళేవాళ్ళు. గింజలు మాత్రం ఎప్పుడూ కొనలేదు. గింజ కొనడమేమిటి, అప్పట్లో ఆ మాట నీళ్ళు కొనడం అన్నంత వింతగా ఉండేదేమో.

మొన్న ఆ ఉస్మాన్‌గంజ్‌కి నేనూ వెళ్ళాను. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్లో దిగితే అక్కణ్ణించి నడిచిపోవచ్చు. సందులోకి వెళ్ళగానే మిరపకాయల ఘాటుకి నాలుగు తుమ్ములు గ్యారంటీ. హమాలీలు తలమీద బస్తాలతో "సైడ్, సైడ్" అంటూ దూసుకొస్తుంటారు. ఆ హడావుడిలోనే అక్కడక్కడా విత్తనాల దుకాణాలు. ఒక కౌంటర్ ముందు నిలబడి టమాటా గింజలు కావాలన్నాను.

"ఎన్ని ఎకరాలకి సార్?" అన్నాడు ఆయన.

"ఎకరాలు కాదండీ, బాల్కనీకి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, రంగురంగుల బొమ్మలున్న ప్యాకెట్లు పక్కకి తోసి, కింద అరలోంచి ఒక సాదా ప్యాకెట్ తీశాడు. "ఇది తీస్కోండి. దీని గింజ తీసి మల్లా వేస్కున్నా వస్తది. ఆ పెద్దవి వేస్కుంటే ప్రతిసారీ నా దగ్గరికే రావాలె" అన్నాడు నవ్వుతూ. తన వ్యాపార రహస్యాన్ని తానే అంత తేలిగ్గా చెప్పేసిన వ్యాపారిని నేనింతవరకు చూడలేదు.

ఆ ఒక్క మాటలో నా పద్నాలుగు మొక్కల బగ్‌కి జవాబుంది. రంగురంగుల ప్యాకెట్లు హైబ్రిడ్లు. రెండు వేరువేరు శుద్ధమైన రకాలని తల్లీ తండ్రీగా పెట్టుకుని, ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి చేత్తో అంటించి చేసిన మొదటి తరం గింజలు. ఆ తరం అంతా ఒకేలా, బలంగా, ఎక్కువ కాపుతో వస్తుంది. దాని కాయలోంచి గింజ తీసి వేస్తే తాత ముత్తాతల గుణాలన్నీ విడిపోయి తలా ఒక రకంగా బయటపడతాయి. 1866లో మెండెల్ బఠాణీ మొక్కలతో చెప్పింది ఇదే. లెక్క చూడండి. తల్లీ తండ్రీ పది జన్యువుల దగ్గర తేడాగా ఉన్నాయనుకుందాం. రెండో తరంలో ఒక మొక్క ఆ పదింటి దగ్గరా హైబ్రిడ్‌లాగే ఉండే అవకాశం ఒక్కో జన్యువుకీ సగం చొప్పున, మొత్తం 1024లో ఒకటి. పది బిట్లు, మనకి బాగా తెలిసిన నంబరే! నిజానికి తేడాలు పదికంటే చాలా ఎక్కువే ఉంటాయి. పద్నాలుగు మొక్కలతో నేనేదో సాధిద్దామనుకోవడం, పద్నాలుగు సార్లు టైప్ చేసి ఎవరి పాస్‌వర్డో కనిపెట్టేద్దామనుకోవడం లాంటిది.

మన దేశంలో ఈ హైబ్రిడ్ కూరగాయల చరిత్రలో బెంగళూరుది పెద్ద పాత్ర. మన్‌మోహన్ అత్తావర్ 1965లో పెట్టిన ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ కంపెనీ 1973లో 'కర్ణాటక' అనే టమాటా హైబ్రిడ్‌ని, 'భారత్' అనే క్యాప్సికమ్ హైబ్రిడ్‌ని విడుదల చేసింది. అంతకుముందు ప్రభుత్వమే పెద్ద విత్తనాల దుకాణం. 1963లో జాతీయ విత్తన సంస్థ, 1966లో విత్తన చట్టం, 1976లో మన ఆంధ్రప్రదేశ్ విత్తనాభివృద్ధి సంస్థ. 1988లో కేంద్రం కొత్త విత్తన విధానం తెచ్చి కూరగాయల విత్తనాల దిగుమతికి తలుపులు తీసింది. ఆ తర్వాత ప్యాకెట్ల వరదే వరద. ఈ వరదలో మన ఊరి పాత్ర కూడా చిన్నదేం కాదు. ఎన్నో విత్తన కంపెనీలు హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి, 2019లో అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం మహాసభ కూడా ఇక్కడే జరిగింది.

ఆ ప్యాకెట్ అంత ఖరీదు ఎందుకో కూడా తెలుసుకోవాలి. కర్ణాటకలో రాణెబెన్నూరు చుట్టుపక్కల ఊళ్ళు ఈ పనికి ప్రసిద్ధి. పువ్వు విచ్చుకునే ముందు రోజే చిన్న పట్టకారుతో దాని కేసరాలు పీకేస్తారు, తనంతట తాను కాయ కట్టకుండా. మర్నాడు తండ్రి మొక్క పుప్పొడి తెచ్చి ఆ పువ్వుకి అంటిస్తారు. ఒక్కో పువ్వుకీ ఇంత పని, ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తారు. గ్రాముకి దాదాపు మూడు వందల గింజలు తూగే టమాటాలో పది గ్రాముల ప్యాకెట్ వెనక ఎన్ని పువ్వులు, ఎన్ని వేళ్ళు ఉంటాయో ఊహించుకోండి. తల్లీ తండ్రీ రకాలేమిటో మాత్రం కంపెనీ బయటికి చెప్పదు. మన భాషలో చెప్పాలంటే బైనరీ అమ్ముతారు, సోర్స్ కోడ్ ఇవ్వరు.

ఇక్కడిదాకా రాసి, "కంపెనీలు దుర్మార్గులు, నాటు గింజ అమృతం" అని ముగించేస్తే చప్పట్లు బాగానే పడతాయి. నాక్కూడా అలాగే రాయాలనిపించింది. కానీ మా బాపుని అడిగాను. ఆయన చెప్పింది వినండి. నాటు టమాటా కాయ పల్చని తోలు. చేవెళ్ళ నుంచి పట్నం వచ్చేలోగా గంపలో అడుగునున్నవన్నీ చితికిపోయేవి. కాపు తక్కువ. ఆకుముడత వస్తే తోటంతా పోయేది. తాత 1990ల్లో ఉస్మాన్‌గంజ్ నుంచి మొదటి హైబ్రిడ్ పొట్లం తెచ్చి వేసిన ఏడాది, గంపలు పోయి డబ్బాలు వచ్చాయి. ఆ డబ్బుతో బోరు వేశారు. మా బాపు డిగ్రీ పూర్తి చేశాడు. తర్వాత నా ఇంజనీరింగ్ ఫీజులో కొంత కూడా ఆ హైబ్రిడ్ టమాటాలు కట్టినవే. నేను ఏసీలో కూర్చుని నాటు గింజ గురించి బాధపడగలుగుతున్నానంటే, ఆ బాధకి తీరిక ఇచ్చింది కూడా హైబ్రిడ్ గింజే. ఈ ముక్క రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మరి పోయిందేమిటి? రెండు పోయాయి.

మొదటిది రుచి. ఇది ముసలివాళ్ళ గొణుగుడు అనుకునేవాణ్ణి. 2012లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పాత రకాల్లో పచ్చికాయకి తొడిమ దగ్గర ముదురాకుపచ్చ మచ్చ ఉంటుంది. కాయ అంతా ఒకేసారి సమంగా ఎర్రబడాలని దశాబ్దాల పాటు ఆ మచ్చ లేనివాటినే ఎంచుకుంటూ వచ్చారు. తీరా చూస్తే ఆ మచ్చ తెచ్చే జన్యువే కాయలో పత్రహరితాన్ని పెంచి, చక్కెర ఎక్కువ పట్టేలా చేస్తుందట. అందం కోసం తీసేసిన లైనులో రుచి కూడా ఉంది! ఏం చేస్తుందో తెలియని కోడ్‌ని డిలీట్ చేయకూడదని మనకి ఎన్ని సార్లు అనుభవమైందో గుర్తు చేసుకోండి. అదే ఏడాది నేచర్ పత్రికలో టమాటా మొత్తం జన్యు పటం వచ్చింది. దాదాపు 35 వేల జన్యువులు. పన్నెండు క్రోమోజోముల్లో అయిదోది మన దేశపు శాస్త్రవేత్తలు చదివినదే. మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే గచ్చిబౌలి దారిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది చూడండి, అక్కడ టమాటా జన్యువుల మీద పని చేసే ప్రత్యేక కేంద్రమే ఉంది.

రెండోది, నా దృష్టిలో పెద్దది. హైబ్రిడ్ వచ్చినందుకు నాటు గింజ పోనక్కర్లేదు. తాత తోటంతా హైబ్రిడ్ వేసి, పెరట్లో ఒక్క వరస నాటుది ఉంచి ఉంటే సరిపోయేది. కానీ గింజ కొనడం అలవాటయ్యాక గోడకి కొట్టే అవసరం పోయింది. మా గోడ ఖాళీ అయింది. పక్కింటి గోడా అదే ఏడాదో మరుసటి ఏడాదో ఖాళీ అయింది. మెయిన్ సర్వర్, బ్యాకప్ సర్వర్ ఒకేసారి పోయాయి. ఎవరూ కావాలని చెరపలేదు, ఎవరూ కాపీ తీయలేదు. అంతే. టమాటా గింజ మామూలు ఇళ్ళల్లో నాలుగైదేళ్ళు బాగా బతుకుతుంది, ఆ తర్వాత మొలక తగ్గిపోతూ వస్తుంది. నేను అడిగేటప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటిపోయాయి.

అందరూ అలా పోగొట్టుకోలేదు. మనకి గంటన్నర, రెండు గంటల దూరంలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అక్కడి దళిత మహిళల సంఘాలు జొన్న, కొర్ర, పప్పుల గింజలని ఇళ్ళల్లో బూడిద, వేపాకు కలిపి దాచి, ఒకరికొకరు అప్పుగా ఇచ్చుకుంటూ కాపాడారు. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. హైదరాబాద్‌లోనే సెంటర్ ఫర్ సస్టైనబుల్ అగ్రికల్చర్ వాళ్ళు ఓపెన్ సోర్స్ విత్తనాలు అని నడుపుతున్నారు. తీసుకున్నవాళ్ళు ఇతరులకీ ఇవ్వాలి, మీదగ్గరే తాళం వేసుకోకూడదు అన్న షరతుతో. జీపీఎల్ లైసెన్స్ చదివిన మనకి ఇంతకంటే వివరం అక్కర్లేదు. చట్టం కూడా రైతు వైపే ఉంది. 2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంటలోంచి గింజ దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, బ్రాండు పేరు వేసి అమ్మనంతవరకు. మన హక్కు కాగితం మీద భద్రంగా ఉంది. గోడ మీదే లేదు.

ఇక నా బాల్కనీ కథ. గింజ తీసే పద్ధతి నాయనమ్మ దగ్గర సగం, పుస్తకాల్లో సగం నేర్చుకున్నాను. నాలాంటి వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. ముందు మొక్కని ఎంచుకోండి, ఆరోగ్యంగా, కాపు బాగున్నది. కాయ చెట్టు మీదే పూర్తిగా పండాలి. గుజ్జుతో సహా గింజల్ని గ్లాసులో వేసి కొంచెం నీళ్ళు పోసి పల్చటి గుడ్డ కట్టండి. మన ఎండలకి రెండు రోజులు చాలు, చలికాలమైతే మూడు. పైన నురగలా కట్టి వాసనొస్తుంది. ఆ పులుపులో గింజ చుట్టూ ఉన్న జిగురు కరిగిపోతుంది. ఆ జిగురు ఊరికే లేదు, కాయలో ఉండగానే మొలకెత్తకుండా గింజని ఆపేది అదే. (గలపగోస్ దీవుల్లో ఒక అడవి టమాటా ఉంది. దాని గింజ మామూలుగా మొలవదు. పెద్ద తాబేలు తిని, దాని కడుపులోంచి బయటికి వచ్చాక చక్కగా మొలుస్తుందని 1961లో ఛార్లెస్ రిక్ అనే శాస్త్రవేత్త చూపించాడు. మన గ్లాసు తాబేలు కడుపుకి బదులన్నమాట.) తర్వాత కడిగితే మంచి గింజలు అడుగుకి దిగుతాయి, తాలు పైకి తేలుతుంది. స్టీలు పళ్ళెంలో పల్చగా పరిచి నీడలో ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి. బాగా ఆరాక పొట్లం కట్టి, పేరూ తేదీ రాసి, గాజు సీసాలో పెట్టండి. తేదీ రాయడం మర్చిపోతే ఆరు నెలల తర్వాత మీ పాత కోడ్‌ని మీరే చూసుకున్నట్టు ఉంటుంది. మొలకకి వారం పది రోజులు, నారు తీసి నాటడానికి పాతిక నుంచి ముప్ఫై రోజులు. మండే ఎండాకాలంలో మాత్రం మొదలుపెట్టకండి.

ఉస్మాన్‌గంజ్ సాదా ప్యాకెట్ గింజలు అనుకున్నట్టే తల్లిలాగే వస్తున్నాయి. దానితో పాటు ఆ మొదటి పద్నాలుగింటిలో ఒక మొక్కని నేను వదల్లేదు. దాని కాయకి తొడిమ దగ్గర పచ్చ మచ్చ ఉంది, తోలు పల్చన, పులుపు ఎక్కువ. దాని గింజే తీసి వేస్తూ వచ్చాను. ఒక్కో తరానికీ లోపలి కలగాపులగం సగానికి సగం తగ్గుతుంది. రెండో తరంలో సగం, తర్వాత పాతిక శాతం, పన్నెండున్నర, ఆరుంబావు.. ఇప్పుడు నా దగ్గరున్నవి అయిదో తరం మొక్కలు. ఈసారి కాయలన్నీ దాదాపు ఒకేలా వచ్చాయి. బగ్ ఫిక్స్ చేయడానికి రెండేళ్ళు పట్టింది. మా మేనేజర్‌కి చెప్పకండి.

పోయిన నెల ఓ అరకిలో కాయలు పట్టుకుని ఊరెళ్ళాను. నాయనమ్మకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు. ఒక కాయ తీసుకుని బొటనవేలితో తొడిమ చుట్టూ తడిమింది. వాసన చూసింది. కొరికింది. నేను పరీక్ష ఫలితాల ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను.

"ఇది అది గాదు బిడ్డా" అంది.

తెలుసు. అది ఎలా అవుతుంది? ఆ గింజ పోయింది, ఏ లెక్కా దాన్ని తిరిగి తేలేదు. నేనేమీ మాట్లాడలేదు. ఆవిడ ఆ కాయ మొత్తం తినేసి, ఇంకోటి చేతిలోకి తీసుకుని, "కానీ మంచిగున్నది. దీని తల్లి ఎట్లుండె?" అని అడిగింది. గుబురుగా, నడుమెత్తు పెరిగిందని, ఆకుముడత రాలేదని చెప్పాను. అయితే బూడిద తెమ్మంది.

మట్టిగోడ ఎప్పుడో పోయింది, ఇప్పుడక్కడ సిమెంటు గోడ, దానికి పెయింటు. మా అమ్మ "గోడ పాడైతది అత్తమ్మా" అని గొణుగుతూనే ఉంది. నాయనమ్మ వినిపించుకోలేదు. కాయ పిసికి, బూడిద కలిపి, పక్కింటివాళ్ళ దొడ్లోంచి పేడ తెప్పించి, వంటింటి వెనక గోడకి ఫటుక్కుమని కొట్టింది. చూపు లేకపోయినా సరిగ్గా పాత చోటే. మిగిలిన రెండు కాయలు పేడ ఇచ్చిన పక్కింటావిడ చేతిలో పెట్టింది.

నాలుగు పొట్లాలు నా దగ్గరున్నాయి. ఎవరికైనా కావాలంటే అడగండి, ఊరికే ఇస్తాను. ఒకటే షరతు, మీ మొక్క కాసినప్పుడు ఆ గింజ ఇంకో ఇద్దరికి ఇవ్వాలి. మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఇంకా ఎవరి గోడ మీదైనా పాత గింజ ఉంటే మాత్రం ఈ టపా మూసేసి ముందు వాళ్ళకి ఫోన్ చేయండి. నేను ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా అడిగాను.